ఆ హీరో ఒక్క మాట చెబితే

ఈ పక్షం నాకు అందిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: పేరున్నవారు తాము స్వలింగ ప్రేమికులమని అందరికీ చెప్పుకోవాలా, వద్దా? మూడూ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి. అందువల్ల ఈసారి స్థలమంతా ఈ మూడింటికే కేటాయిస్తున్నాను. మిగిలినవారికి వచ్చే సంచికలో తప్పక జవాబు రాస్తాను. ఉత్తరాలు రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా పేర్లు, కొన్ని వివరాలు తొలగించాను.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నా వయసు 24. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తూ, రణస్థలంలో మరో ముగ్గురితో కలిసి గదిలో ఉంటున్నాను. నేను మగవాళ్ళనే ఇష్టపడతానని పదో తరగతి నుంచీ నాకు తెలుసు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద పెట్టడం కూడా ఇదే మొదటిసారి. ఒక సినిమా హీరో గురించి చిన్నప్పటి నుంచి రకరకాలుగా వింటున్నాను. ఆయన కొత్త పోస్టరు వచ్చినప్పుడల్లా మా గదిలో "వాడు తేడా అట" అని నవ్వుతారు. వాళ్ళతో కలిసి నేనూ నవ్వుతాను. ఆయన ఒక్కసారి మైకు ముందుకొచ్చి "అవును, నేను అలాంటివాణ్ణే, అయితే ఏమిటి?" అంటే నాలాంటి ఎంతమందికో ధైర్యం వస్తుంది కదా! మా అమ్మకు ఆయనంటే చాలా అభిమానం. ఆయన చెప్పాక నేను చెబితే ఆమె వింటుంది. అంత డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ళు కూడా నోరు విప్పకపోతే ఇంకెవరు విప్పుతారు? అది వాళ్ళ బాధ్యత కాదా? ఇంట్లో నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు.
— పేరు వద్దన్న పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నాయనా, నీ ఉత్తరంలో "వాళ్ళతో కలిసి నేనూ నవ్వుతాను" అన్న చిన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. షిఫ్టు దిగి వచ్చి నడుం వాల్చుకునే గదిలో కూడా తన మీద తానే నవ్వుకోవలసి రావడం ఎంత అలసటో ఊహించగలను. అలాంటి చోట ఉన్న మనిషి, ఎవరైనా పెద్దపేరున్నవాడు తన తరఫున ముందుగా మాట్లాడితే బాగుండునని కోరుకోవడం న్యాయమే. ఆ కోరిక నెరవేరిన చోట్ల మేలు జరిగిన మాట కూడా నిజమే.

ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలో, జాజ్‌పూర్ జిల్లాలోని చాకా గోపాల్‌పూర్ అనే పల్లెలో, ఒక చేనేత కుటుంబంలో పుట్టిన ద్యుతీ చంద్ నీకు తెలిసే ఉంటుంది. 2018 ఆసియా క్రీడల్లో పరుగులో రెండు రజత పతకాలు గెలిచిన ఆమె, 2019 మే నెలలో, తాను తన ఊరి అమ్మాయిని ప్రేమిస్తున్నానని అందరికీ తెలిసేలా చెప్పారు. ఇంటి నుంచే వచ్చిన బెదిరింపు వల్ల నోరు విప్పవలసి వచ్చిందని కూడా ఆమె దాచుకోలేదు. ఇంట్లో, ఊళ్లో వ్యతిరేకత ఎదురైంది. రెండు నెలలు తిరగకుండానే ఇటలీలోని నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో వంద మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచారు. మన పొందూరులో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన ఆడపిల్ల ఎవరైనా, నీలాగే ఎవరికీ చెప్పుకోలేని స్థితిలో ఉండి ఆ వార్త చదివి ఉంటే, ఆ పూట ఆమెకు అన్నం సహించి ఉంటుందని నా నమ్మకం. యాపిల్ కంపెనీ అధిపతి టిమ్ కుక్ 2014 అక్టోబరులో తాను గే అని పత్రికాముఖంగా రాస్తూ, తన సొంత విషయాలు తనలోనే ఉంచుకోవడం తనకు ఇష్టమైనా, ఒంటరిగా మథనపడుతున్నవారికి తన మాట వల్ల ఊరట కలుగుతుందంటే ఆ ఇష్టాన్ని వదులుకోవడానికి సిద్ధమేనన్నారు. ఇలా చెప్పగలిగినవారంటే నాకు ఎంతో గౌరవం.

అయితే నువ్వు వాడిన మాట "బాధ్యత". బాధ్యత అన్నామంటే, నెరవేర్చనివాణ్ణి నిలదీసే హక్కు మనకు ఉన్నట్టే. ఆ హక్కు మనకు లేదని నేను అనుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

చెప్పినవారు ఏం పోగొట్టుకున్నారో చూడు. గుజరాత్‌లోని రాజ్‌పిప్లా రాజవంశీకుడు మానవేంద్రసింగ్ గోహిల్ 2006లో తన సంగతి చెప్పుకున్నప్పుడు సొంత ఊళ్లోనే ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టారు. కన్నవారు పత్రికలో ప్రకటన ఇచ్చి మరీ ఆయనతో తెగతెంపులు చేసుకున్నారు. సౌరభ్ కిర్పాల్ ఢిల్లీలో పేరున్న సీనియర్ న్యాయవాది, భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారి కుమారుడు. ఆయనను హైకోర్టు న్యాయమూర్తిగా నియమించాలని న్యాయమూర్తులను ఎంపిక చేసే సుప్రీంకోర్టు కొలీజియం 2021 నవంబరులో సిఫారసు చేస్తే, కేంద్రం చూపిన అభ్యంతరాలలో ఒకటి ఆయనకు స్వలింగ ప్రేమికుల హక్కుల పట్ల ఉన్న గాఢమైన మమకారం. 2023 జనవరిలో కొలీజియం అదే పేరును మళ్ళీ పంపుతూ, తన సంగతి దాచకుండా ఉండటం ఆయనకు వన్నె తెచ్చే విషయమేనని రాసింది. నియామకపు ఉత్తర్వు మాత్రం రాలేదు. మహలున్నవాడికీ, చట్టమంతా చదివినవాడికీ ఈ గతి పట్టిన చోట, చెప్పకపోవడాన్ని పిరికితనమని ఎలా అనగలం?

సినిమా హీరో విషయంలో ఇంకొక చిక్కు ఉంది. తెలుగు సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాల వారీగా కొంటారు. మన ఏరియా హక్కులు తీసుకునే పంపిణీదారుడు కథ కంటే ముందు హీరో మార్కెట్టు చూసి డబ్బు పెడతాడు. తెర మీద హీరోయిన్ వెంటపడే మగవాడిగా ప్రేక్షకుడు ఆయనను నమ్మినంత కాలమే ఆ మార్కెట్టు నిలుస్తుందని పరిశ్రమ లెక్క. ఆ లెక్క తప్పు కావచ్చు. తప్పేనని నేను అనుకుంటున్నాను కూడా. మన ప్రేక్షకులు సినిమావాళ్ళు అనుకునేంత ఇరుకైన మనుషులు కారు. కానీ ఇంతవరకు ఏ అగ్రకథానాయకుడూ దాన్ని పరీక్షించి చూడలేదు. మొదటివాడు పరీక్షించినప్పుడు పోయేది ఆయన పారితోషికం ఒక్కటే అయితే ఫరవాలేదు. ఆయన పేరు చూపించి అప్పు తెచ్చిన నిర్మాత దగ్గర నుంచి సెట్టు వేసే రోజుకూలీ దాకా అందరూ ఆ సాహసంలో భాగస్తులవుతారు.

చట్టం సంగతి కూడా నిన్న మొన్నటిదే. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ కింద ఒకే లింగానికి చెందిన ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి శారీరకంగా దగ్గరవడం కూడా నేరంగానే ఉండేది. ఢిల్లీ హైకోర్టు 2009లో దాన్ని సడలించింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సడలింపును రద్దు చేసింది. చివరకు 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ భారం దించింది. హిందీ దర్శక నిర్మాత కరణ్ జోహార్ 2017లో తన ఆత్మకథలో, తన సంగతి అందరికీ తెలిసిందేనని, ఆ మాటను నోటితో అంటే జైలుకు పోవలసి వచ్చే దేశంలో ఉన్నాను కనుక అననని రాసుకున్నారు. ఇప్పుడు జైలు భయం లేదు. పెళ్ళికి గుర్తింపు కూడా లేదు. హైదరాబాద్ జంట ఒకటి ముందుండి వేసిన వ్యాజ్యంలో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ విషయాన్ని పార్లమెంటుకే వదిలిపెట్టింది.

ఇవన్నీ పక్కనపెట్టినా, నా మనసులో ఉన్న అసలు కారణం నీ దగ్గరే ఉంది. నువ్వు నీ గదిలో నోరు విప్పకపోవడాన్ని నేను తప్పుపట్టను. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకునే అధికారం పూర్తిగా నీది. రణస్థలంలో నీ మౌనాన్ని కాపాడే హక్కే హైదరాబాద్‌లో ఆయన మౌనాన్నీ కాపాడాలి. డబ్బున్నవాడికి ఆ హక్కు సన్నగిల్లుతుందని ఒప్పుకుంటే, రేపు నీ జీతం పెరిగిన రోజున నీ హక్కూ సన్నగిల్లాలి. పైగా ఆయన గురించి విన్నదంతా గాలివార్త. ఆయన అలాంటివాడో కాదో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

మౌనానికి హక్కు ఉందన్నాను కానీ, ఆ మౌనాన్ని కాపాడుకోవడానికి ఇతరులను బలి చేసే హక్కు ఎవరికీ లేదు. తన మీద అనుమానం రాకుండా ఉండేందుకు ఏమీ తెలియని ఆడపిల్ల మెడలో తాళి కట్టినవాడినీ, తన సినిమాలో తనలాంటివాళ్ళనే వెక్కిరించే హాస్య సన్నివేశానికి ఒప్పుకున్నవాడినీ నేను నిలదీస్తాను. హీరోకు చెప్పిన ఈ మాట నీకూ వర్తిస్తుంది, నాయనా. సంబంధాలు చూస్తున్నారన్నావు. పెళ్ళిపీటల మీద మాత్రం కూర్చోవద్దు.

నా చిన్నప్పుడు చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో తూర్పు భాగవతమనే వీధి నాటకం ఆడేవారు. తెల్లవార్లూ సత్యభామగా జడ విసురుతూ, మద్దెల మోతకు దీటుగా అడుగులు వేసిన కళాకారుడు పొద్దున్నే మా పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని, కొబ్బరినూనె రాసుకుంటూ ముఖానికున్న పసుపుపచ్చని అర్దళం రంగు తుడుచుకునేవాడు. ఒక ఉదయం దారిన పోతున్న ఇద్దరు కుర్రవాళ్ళు లోపలికొచ్చి "ఏమే భామా" అంటూ ఆయన చెంప గిల్లి, "ఆడంగి" అని నవ్వుకుంటూ పోయారు. వాళ్ళతో పాటు ఆయనా నవ్వాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక, నూనె గిన్నె పట్టుకున్న ఆయన చెయ్యి ఎంతసేపటికీ కదల్లేదు. సగం ముఖం పసుపుపచ్చగా, సగం ముఖం మామూలుగా అలాగే కూర్చుండిపోయాడు. ఆయనకు భార్యాపిల్లలు ఉన్నారు. ఆడవేషం కట్టినంత మాత్రాన మనిషి మనసు ఎటువైపో చెప్పగలమనుకోవడం అజ్ఞానం; ఆయన మనసు సంగతి తెలుసుకోవలసిన పని నాకు లేదు. నీ ఉత్తరం చదివాక నాకు గుర్తుకొచ్చింది ఆ నవ్వే.

అందుకే, నోరు విప్పే బాధ్యత ఎవరిదని నన్ను అడిగితే, విప్పితే ఏమీ పోనివాళ్ళది అంటాను. అలాంటి హాస్యం నా సినిమాలో వద్దని ఒక్క మాట అనగలిగిన, ఆడవాళ్ళనే ఇష్టపడే హీరోలది. క్లాసులో ఒక పిల్లవాణ్ణి నడక చూసి వెక్కిరిస్తుంటే వినిపించనట్టు పాఠం కొనసాగించే అధ్యాపకులది. నేను కూడా అధ్యాపకురాలిగానే పదవీ విరమణ చేశాను. ఈ శీర్షిక రాసే నాది. చాలా ఏళ్ళ క్రితం నీలాంటి కుర్రవాడే ఒకరు నాకు ఉత్తరం రాస్తే, "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అని జవాబిచ్చాను. అది తప్పు. ఆ మాట నమ్మి అతడు పెళ్ళి చేసుకుని ఉంటే రెండు జీవితాలు నా వల్ల పాడైనట్టే. అతడు ఈ సంచిక చదువుతుంటే, నన్ను క్షమించమని అడుగుతున్నాను.

ఇక నువ్వు చేయగలిగింది చెబుతాను. అమ్మకు చెప్పడాన్ని ఆ హీరో మాటతో ముడిపెట్టుకోకు. ఆ ముడి ఎన్నటికీ విడకపోవచ్చు. ఇప్పటికి "నాకు పెళ్ళి వద్దు" అన్న మాట గట్టిగా అను. నీ సంపాదన నీకుంది కనుక ఆ మాటకు విలువ ఉంటుంది. కారణం అదే రోజు చెప్పనక్కరలేదు. ఉద్యోగం, ఉండటానికి చోటు, నమ్మదగిన మనిషి ఒక్కరు, ఈ మూడూ చేతిలో ఉన్నాక అమ్మ సంగతి ఆలోచించు. రాత్రిళ్ళు మనసు మరీ బరువెక్కితే 14416 నంబరుకు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ; డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మళ్ళీ నాకు ఉత్తరం రాయి. ప్రచురించవద్దంటే ప్రచురించను.

ప్రశ్న: మేడమ్ గారికి, నేను పాతికేళ్ళుగా మా హీరో ప్రతి సినిమా మొదటి రోజే చూస్తున్నాను, అభిమాన సంఘంలో కూడా పనిచేశాను. మేము టిక్కెట్లు కొంటేనే వాళ్ళు ఆ స్థాయికి వచ్చారు. పెళ్ళిళ్ళు, విడాకులు, పిల్లల పుట్టినరోజులు వాళ్ళే ఇంటర్వ్యూలలో చెబుతారు. ఇదొక్కటీ ఎందుకు దాయాలి? వాళ్ళు చెప్పకపోతే యూట్యూబ్ ఛానళ్ళు పేర్లు చెబుతున్నాయి. చెప్పింది నిజమే అయితే అందులో తప్పేముంది? అబద్ధంలో బతకడం కంటే నిజం బయటపడటం వాళ్ళకే మంచిది కదా!
— ఒక సినిమా అభిమాని, బొబ్బిలి

జవాబు: అయ్యా, మీరు కొన్న టిక్కెట్టుకు బదులుగా రెండున్నర గంటల సినిమా మీకు ముట్టింది. ఆ లెక్క అక్కడితో సరిపోయింది. పెళ్ళి గురించి తనంతట తాను చెప్పినవాడు, చెప్పని మరో విషయం గురించి జవాబుదారీ కాడు. మన ఇంటికి వచ్చిన చుట్టాన్ని హాల్లో కూర్చోబెట్టి మాట్లాడినంత మాత్రాన పడకగది తలుపు తోసే చనువు అతనికి ఇచ్చినట్టా?

మీరు వాడిన "బయటపడటం" అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. తెలుగులో కష్టం చెప్పుకుంటాం, ప్రేమ చెప్పుకుంటాం. దొంగతనం బయటపడుతుంది, లంచం బయటపడుతుంది. ఒకరి గుట్టు మరొకరు బయటపెడతారు. మనిషి తన మనసు తాను చెప్పుకోవడానికీ, ఎవరో బయటపెట్టడానికీ మధ్య ఎంత దూరం ఉందో మన క్రియాపదాలే చూపిస్తున్నాయి. "బయటపడటం మంచిది" అని రాసినప్పుడు, మీకు తెలియకుండానే ఆ మనిషిని దొంగల వరుసలో నిలబెట్టారు. మాటల సంగతి వచ్చింది కనుక ఇంకొకటి: పత్రికలలో కనిపించే "స్వలింగ సంపర్కులు" అన్న పదం నేను వాడటం లేదు. భార్యాభర్తలను మనం ఎన్నడూ సంపర్కులు అనలేదు. వీరిని మాత్రం ఆ ఒక్క పనికి కుదించి పిలవడం ఎందుకు?

నిజమే అయితే తప్పేముందని అడిగారు. 1975 సెప్టెంబరు 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ మీద ఒక స్త్రీ తుపాకీ గురిపెట్టినప్పుడు, జనంలో నిలబడి ఉన్న ఆలివర్ సిపిల్ అనే మాజీ సైనికుడు ఆమె చేతిని ఒడిసిపట్టి ఆయన ప్రాణం కాపాడారు. రోజుల వ్యవధిలోనే పత్రికలు ఆయన గే అని రాశాయి. గేలలో వీరులు కూడా ఉంటారని లోకానికి తెలియాలన్న సదుద్దేశంతోనే ఆ సంగతి పత్రికలకు చేరవేసినవారు ఉన్నారు. రాసిందీ నిజమే. కానీ ఆయన కన్నతల్లికి ఆ సంగతి తెలిసింది పత్రికల వల్ల. ఆమె కొడుకుతో మాట్లాడటం మానేసింది. పత్రికల మీద ఆయన వేసిన దావా ఓడిపోయింది. 1989లో తన ఇంట్లో ఒంటరిగా చనిపోయారు. అధ్యక్షుడి ప్రాణం నిలబెట్టిన చేతులకు దక్కిన ప్రతిఫలం అది.

మన దేశం సంగతికి వస్తే, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడైన రామచంద్ర సిరస్ ఇంట్లోకి 2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరాలతో చొరబడి, ఆయన ఒక మగవాడితో ఉండగా చిత్రీకరించారు. విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. వారం తిరిగేసరికి ఆయన తన ఇంట్లో శవమై కనిపించారు. కోర్టు గెలిపించిన మనిషిని కూడా ఆ కెమెరా బతకనివ్వలేదు. ఇప్పుడు యూట్యూబ్‌లో "ఈ అయిదుగురు హీరోల రహస్యం" అని శీర్షిక పెట్టేవారి చేతిలో ఉన్నదీ అలాంటి కెమెరాయే. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినప్పుడు, మనిషి ఎవరిని ఇష్టపడతాడన్నది ఆ గోప్యతలో ముఖ్యమైన భాగమని స్పష్టంగా రాశారు. తీర్పులో హీరోలకు మినహాయింపు లేదు.

ఒక్కచోట మీ వాదనకు కొంత బలముంది. స్వలింగ ప్రేమికులను శిక్షించే చట్టానికి ఓటు వేస్తూ, తాను రహస్యంగా అదే జీవితం గడిపే నాయకుడిని బయటపెట్టవచ్చునని అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడు బార్నీ ఫ్రాంక్ వాదించేవారు. ఆయన 1987లో తన సంగతి తాను చెప్పుకున్న మనిషి కనుక ఆ మాట అనే అర్హత ఆయనకుంది. చట్టాలు చేసేవారి విషయంలో నేను దాన్ని కాదనలేను. సినిమావాళ్ళు ఎవరినీ జైలుకు పంపరు.

మీ అభిమాన సంఘానికి ఒక విన్నపం. ఎదుటి హీరోను తిట్టవలసి వచ్చినప్పుడు ఫేస్‌బుక్‌లో మీవాళ్ళు మొట్టమొదట విసిరే మాట "తేడా" అన్నది మీకు తెలుసు. ఆ మాట ఎదుటి హీరో దాకా చేరదు. మీ సంఘంలోనే, ఫ్లెక్సీ కట్టడానికి మీ పక్కన తాడు పట్టుకున్న ఏ కుర్రవాడికో అది తగులుతుంది. ఆ ఒక్క మాట సంఘంలో ఎవరూ వాడకూడదని మీరు తీర్మానం చేయగలిగితే నాకు తెలియజేయండి. ఈ శీర్షికలో సగౌరవంగా ప్రచురిస్తాను.

ప్రశ్న: అమ్మా, మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో సినిమా చూస్తూ అన్నాలు తింటున్నాం. మా గుంటడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఉన్నట్టుండి "అమ్మా, ఈ హీరోకి మగాళ్ళంటే ఇష్టమట. అదే నిజమైతే నువ్వు ఈయన సినిమాలు చూడటం మానేస్తావా?" అని అడిగాడు. "ఛీ, తినేటప్పుడు ఆ పాడు మాటలేమిటిరా" అన్నాను. వాడు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. వాళ్ళ నాన్న పట్టించుకోవద్దంటున్నారు. నేనన్నదాంట్లో తప్పేముంది?
— ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: తల్లీ, మీ అబ్బాయి ఆ హీరో గురించి అడగలేదేమో.

పిల్లలు తమ గురించి నేరుగా అడగలేనప్పుడు తెర మీద మనిషిని అడ్డు పెట్టుకుని అడుగుతారు. జవాబు ఎలా ఉంటుందో చూసుకుని, అది తట్టుకోగలిగినదైతే రెండో ప్రశ్న వేస్తారు. మీ నోట "ఛీ" అన్న మాట హీరోకు వినిపించదు. కంచం ముందు కూర్చున్నవాడికి వినిపించింది. అలాగని ఇప్పుడు వాడిని పిలిచి "నువ్వు కూడా అలాంటివాడివా?" అని అడిగేయకండి. వాడు తన స్నేహితుడి కోసం అడిగి ఉండవచ్చు, కాలేజీలో జరిగిన వాదన గుర్తొచ్చి అడిగి ఉండవచ్చు. తనది కాని సంగతి ఒప్పించినా తప్పే, తనదే అయితే సిద్ధం కాకముందే లాగినా తప్పే. పై ఉత్తరానికి రాసిన జవాబు ఇంటి లోపల కూడా వర్తిస్తుంది.

మీరు తెలియక అన్నారు. మీ ఒక్కరి మాటా కాదిది. రచయిత విక్రమ్ సేఠ్ తల్లి లీలా సేఠ్ మన దేశంలో ఒక హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయిన మొట్టమొదటి మహిళ. అంత చదువు, అంత లోకజ్ఞానం ఉన్న ఆవిడ కూడా కొడుకు సంగతి జీర్ణించుకోవడం మొదట్లో కష్టమైందని దాచకుండా చెప్పుకున్నారు. 2013 డిసెంబరు తీర్పు వచ్చాక, 2014 జనవరిలో, ఆవిడే పత్రికలో వ్యాసం రాసి, ఈ తీర్పు వల్ల తన పెద్దకొడుకు నేరస్థుడైపోయాడని న్యాయమూర్తిగానూ తల్లిగానూ బాధపడ్డారు. అప్పటికి ఆవిడ వయసు ఎనభై దాటింది. ప్రసిద్ధులు చెప్పుకోవాలా వద్దా అని మనం ఇంత చర్చిస్తున్నాం కానీ, ఒక ప్రసిద్ధుడి తల్లి నోరు విప్పిన ఆ సందర్భమే నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

మీ భయం ఆరోగ్యం గురించైతే అది కూడా తీసేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తొలగించింది. మార్చేస్తామంటూ వైద్యం చేయడాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. కనుక ఎవరైనా శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఫలానా డాక్టరు దగ్గర మందు ఉందంటే వెళ్ళకండి, వాడిని తీసుకెళ్ళకండి.

క్షమాపణలు, పెద్ద మాటలు కూడా అక్కరలేదు. పెద్ద మాటలకు కుర్రవాళ్ళు బెదురుతారు. ఆదివారం టీవీలో ఆయన సినిమా మళ్ళీ ఏదో ఒకటి వస్తుంది. అన్నం వడ్డిస్తూ, వాడి ముఖంలోకి చూడకుండా, "ఆ రోజు నువ్వేదో అడిగావు కదరా, నిజమైతే మాత్రం ఏమిటి? మంచివాడు, బాగా చేస్తాడు, నేను చూస్తాను" అనండి. వాళ్ళ నాన్నగారు కూడా అక్కడే ఉన్నప్పుడు అంటే మరీ మంచిది. వాడు ఏమీ అనకపోవచ్చు. మీరూ ఇంకేమీ అడక్కండి. మజ్జిగ పోసి, మీరు కూర్చుని సినిమా చూడండి.